కొమ్మ మీది కోవాలా, కడలిలోని నత్త

ఈ భూమి మీద ఎన్నడూ ఒకదానినొకటి చూడని, ఇకముందు చూసే వీలు కూడా లేని రెండు ప్రాణుల కథ ఇది. ఒకటి ఆస్ట్రేలియా తూర్పు అడవుల్లో, చెట్టు కొమ్మల పంగలో ఒదిగి కూర్చుని నిద్రపోతూ ఉంటుంది. రెండవది ఉత్తర ధ్రువ ప్రాంతపు చల్లని సముద్రంలో రెక్కలు ఆడిస్తూ ఈదుతూ ఉంటుంది. మొదటిదాని పేరు కోవాలా. రెండవది మిరియపు గింజంత సముద్రపు నత్త. శాస్త్రజ్ఞులు దానిని లిమసినా హెలిసినా అంటారు. దాని రెక్కలను చూసినవారు సముద్ర సీతాకోకచిలుక అని పేరు పెట్టారు.

కోవాలా బొమ్మ మన పిల్లలకు కొత్త కాదు. పుస్తకాల అట్టల మీద, ఆటబొమ్మల దుకాణాల్లో, టీవీ కార్యక్రమాల్లో దానిని చూస్తూనే ఉంటారు. గుండ్రని ముఖం, పెద్ద నల్లని ముక్కు, బొచ్చు చెవులు, తల్లి వీపును కరచుకున్న పిల్ల! చూడగానే మనసు కరుగుతుంది. నత్త సంగతి వేరు. దానిని మనం చూడలేదు, దాని పేరు వినలేదు, దానికి మనసును కట్టిపడేసే ముఖమూ లేదు.

అయినా ఈ రెంటినీ పక్కపక్కన నిలబెట్టి చూడవలసిన కారణం ఒకటుంది. మనిషి పొయ్యిలో నుండి, కర్మాగారపు గొట్టంలో నుండి, వాహనం వెనుక నుండి వెలువడే ఒకే వాయువు ఈ రెండు ఇళ్ల తలుపులనూ తడుతోంది. ఒక ఇంటి రోదన మనకు వినిపించింది. రెండవ ఇంటిది వినిపించలేదు. ఎందుకు వినిపించలేదన్న ప్రశ్న ఆ నత్తను గురించినది మాత్రమే కాదు, మన హృదయాలను గురించినది కూడా.

ఎలుగుబంటి కాని ఎలుగుబంటి

కోవాలాను చాలామంది ఎలుగుబంటి జాతి అనుకుంటారు. ఆస్ట్రేలియాకు వచ్చిన ఐరోపావాసులూ మొదట అలాగే పొరబడ్డారు. దాని శాస్త్రీయ నామంలోనే ఆ పొరపాటు నిలిచిపోయింది. ఫాస్కోలార్క్టస్ అనే ఆ గ్రీకు మాటకు ‘సంచి గల ఎలుగుబంటి’ అని అర్థం. నిజానికి ఇది కంగారూ వలె, కడుపు మీది సంచిలో పిల్లను పెంచే జంతువుల వర్గానికి చెందినది. ఎలుగుబంటితో దీనికి దగ్గరి చుట్టరికం ఏదీ లేదు.

ఇది చెట్ల మీద జీవించడానికి తగినట్లుగా రూపొందిన శరీరం. ముందు పాదాలకు ఉన్న ఐదు వేళ్లలో రెండు, మన బొటనవేలి మాదిరిగా మిగిలిన మూడింటికి ఎదురుగా మడుచుకుంటాయి. అందువల్ల కొమ్మను గట్టిగా పట్టుకోగలదు. దాని వేలికొనల మీద మనిషి వేలిముద్రలను పోలిన గీతలు కూడా ఉంటాయి. పెద్ద కోవాలా బరువు ప్రాంతాన్ని బట్టి 4 కిలోల నుండి 15 కిలోల వరకు ఉంటుంది. దక్షిణాన చలి ప్రాంతాల్లోనివి పెద్దవిగా, ఉత్తరాన వేడి ప్రాంతాల్లోనివి చిన్నవిగా ఉంటాయి.

రోజులో 18 నుండి 20 గంటల వరకు కదలకుండా గడిపే ఈ జంతువును చూసి లోకం సోమరి అని పేరు పెట్టింది. అది న్యాయమైన మాట కాదు. అది ఎందుకు కదలదో తెలియాలంటే దాని భోజనం ఏమిటో తెలియాలి.

విషమే విస్తరిలో

కోవాలా తినేది యూకలిప్టస్ ఆకు. మన పల్లెల్లో జామాయిల్ అని పిలిచే చెట్టు అదే. 18వ శతాబ్దం చివరలో, సుమారు 1790 ప్రాంతంలో, టిప్పు సుల్తాన్ నంది కొండల మీది తన తోటలో ఈ చెట్లను నాటించాడని అటవీ గ్రంథాలు చెబుతాయి. భారతదేశంలో ఈ చెట్టు చరిత్ర అక్కడి నుండే మొదలైందంటారు. నేడు ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో కాగితపు గుజ్జు కోసం ఎకరాలకు ఎకరాలు జామాయిల్ తోటలు పెంచుతున్నారు. ఆ తోటల్లో ఎక్కువగా కనిపించే రెండు మూడు జాతులు ఆస్ట్రేలియాలో కోవాలాలు ఇష్టపడి తినే జాతులే కావడం విశేషం.

జామాయిల్ తోట పక్కన మేకలు కాచేవారిని అడిగితే ఒక సంగతి చెబుతారు. దొరికిన ఆకునల్లా కొరికే మేక కూడా ఆ ఆకు జోలికి సాధారణంగా పోదు. దానిలో ఘాటైన తైలాలు, చేదు పదార్థాలు, పశువు కాలేయాన్ని దెబ్బతీసే విషాలు ఉంటాయి. పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. అంటే తినడం ప్రమాదకరం, తిన్నా ఒంటికి పట్టేది స్వల్పం.

ఇతర జంతువులు తోసిపుచ్చిన ఆ విస్తరినే కోవాలా తనదిగా చేసుకుంది. 2018లో శాస్త్రజ్ఞులు దాని జన్యుపటాన్ని ప్రచురించినప్పుడు, విషాలను విరగగొట్టే కాలేయపు జన్యువులు దానిలో అసాధారణమైన సంఖ్యలో ఉన్నట్లు కనిపించింది. దాని పెద్దపేగు మొదట్లో ఉండే సంచివంటి అంధనాళం 2 మీటర్ల వరకు పొడవుంటుంది. అందులో కోట్లాది సూక్ష్మజీవులు ఆకు పీచును నెమ్మదిగా పులియబెట్టి, దానిలో ఉన్న కొద్దిపాటి సారాన్ని పిండుకుంటాయి. ప్రతి ఆకునూ వాసన చూసి, విషం తక్కువ, తేమ ఎక్కువ ఉన్నదానిని మాత్రమే ఎంచుకుంటుంది. 700కు పైగా ఉన్న యూకలిప్టస్ జాతుల్లో అది తినేవి కొద్ది డజన్లే. ఒక్కో ప్రాంతంలో నాలుగైదు జాతులే దానికి ప్రధాన ఆధారం.

ఇంత తక్కువ రాబడితో ఇల్లు గడపవలసినవారు ఖర్చు విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటారో గృహిణులకు చెప్పనవసరం లేదు. కోవాలా నిద్ర ఆ జాగ్రత్తే. అది సోమరితనం కాదు, పొదుపు.

తల్లి వీపు మీద ఏడాది

కోవాలా గర్భకాలం 35 రోజులు మాత్రమే. పుట్టినప్పుడు పిల్ల పొడవు సుమారు 2 సెంటీమీటర్లు, బరువు 1 గ్రాము కూడా ఉండదు. కళ్లు తెరుచుకోవు, చెవులు ఏర్పడవు, ఒంటి మీద వెంట్రుక ఉండదు. ఆ స్థితిలోనే అది తల్లి కడుపు మీది సంచిలోకి తనంతట తాను పాకి, అక్కడ పాలచన్నును అందుకుంటుంది. సుమారు ఆరు నెలలు ఆ సంచే దానికి ఇల్లు.

సంచి నుండి తల బయటకు పెట్టే సమయానికి ఒక చిక్కు వస్తుంది. పిల్ల ఇక ఆకు తినాలి. కానీ ఆకు విషం. దానిని అరిగించే సూక్ష్మజీవులు పిల్ల కడుపులో పుట్టుకతో లేవు. అప్పుడు తల్లి తన అంధనాళం నుండి మెత్తని గంజివంటి ప్రత్యేక పదార్థాన్ని విసర్జిస్తుంది. పిల్ల దానిని ఆత్రంగా తింటుంది. మనకు ఇది వినడానికి ఎబ్బెట్టుగా ఉండవచ్చు. కానీ ఆ గంజి ద్వారానే తల్లి కడుపులోని సూక్ష్మజీవులు పిల్ల కడుపులో చేరి కాపురం పెడతాయి. ఆ తరువాతే అది ఆకు కొరకగలదు. కోవాలా సంచి నోరు కంగారూకు ఉన్నట్లు పైకి కాక, కిందివైపుకు తెరుచుకుని ఉండడం వల్ల పిల్లకు ఆ ఆహారం సులభంగా అందుతుంది.

ఆ తరువాత పిల్ల తల్లి వీపు ఎక్కుతుంది. ఏడాది వయసు వచ్చే వరకు అక్కడే ఉండి, ఏ చెట్టు ఎక్కాలో, ఏ ఆకు కొరకాలో నేర్చుకుంటుంది. తల్లి సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. ఒక్క పిల్ల మీద ఇంత శ్రమ, ఇంత కాలం వెచ్చించే జాతి, ఒకసారి సంఖ్య తగ్గితే త్వరగా కోలుకోలేదు. ఈ మాటను గుర్తుంచుకుందాం.

రెక్కలున్న నత్త

ఇక రెండవ ప్రాణి దగ్గరకు వద్దాం. వర్షాకాలంలో మన పెరటి గోడ మీద పాకే నత్తను అందరూ చూసే ఉంటారు. అది కడుపు కింద ఉన్న కండరంతో, అంటే తన పాదంతో, నెమ్మదిగా పాకుతుంది. లిమసినా కూడా నత్తే. అయితే దాని పాదం పాకడానికి కాక, రెండు పల్చని రెక్కలుగా విచ్చుకుంది. ఆ రెక్కలతో అది నీటిలో ఎగురుతుంది. ఈ మాట అలంకారం కోసం అన్నది కాదు. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో దాని కదలికను అతి వేగంగా చిత్రీకరించి చూడగా, పండ్ల మీద వాలే చిన్న ఈగ గాలిలో రెక్కలు ఆడించే తీరునే అది నీటిలో రెక్కలు ఆడిస్తున్నదని తేలింది.

దాని ఒంటి మీద గుల్ల ఉంది. అది గాజువలె పారదర్శకం, అతి పల్చన, ఎడమవైపుకు మెలిక తిరిగి ఉంటుంది. నీటికంటే బరువైన ఆ గుల్లతో రెక్కలు ఆపితే కిందికి దిగిపోతుంది. ఆహారం కోసం అది తన శరీరంకంటే ఎన్నో రెట్లు పెద్దదైన జిగురు వలను నీటిలో పరుస్తుంది. ఆ వలలో చిక్కిన సూక్ష్మమైన మొక్కలను, జీవులను, వలతో సహా మింగుతుంది. వేటాడేవాటి కంటపడకుండా పగలు లోతుకు దిగి, రాత్రి పైకి వస్తుంది.

దీని సంతానం తీరు కోవాలాకు పూర్తిగా విరుద్ధం. ప్రతి నత్తా మొదట మగదిగా ఉండి, పెరిగిన తరువాత ఆడదిగా మారుతుంది. గుడ్లను జిగురు పట్టీలుగా నీటిలో వదిలేస్తుంది. ఆ తరువాత వాటిని కాచే తల్లి లేదు, మోసే వీపు లేదు. పొదిగి బయటికి వచ్చిన పిల్ల, కంటికి కనిపించనంత చిన్న వయసులోనే తన గుల్లను తానే కట్టుకోవడం మొదలుపెడుతుంది. దాని జీవితకాలం మహా అయితే ఏడాది, రెండేళ్లు.

ఇంత చిన్న ప్రాణి వల్ల లోకానికి ఏమి ఉపయోగం అని అడగవచ్చు. ఉత్తర పసిఫిక్ సముద్రంలో గులాబీ సాల్మన్ చేపల పిల్లలు దీనిని తిని పెరుగుతాయి. హెర్రింగ్ చేపలు, సముద్ర పక్షులు, తిమింగలాలు కూడా తింటాయి. సముద్ర దేవత అని ముద్దుపేరు పొందిన గుల్లలేని మరొక నత్త అయితే ఈ లిమసినాలను తప్ప వేరొక ఆహారమే ఎరుగదు. చనిపోయిన తరువాత దీని గుల్ల సముద్రపు అడుగుకు జారి, తనలో ఇమిడిన కర్బనాన్ని లోతులకు చేర్చుతుంది. దీని చుట్టాలు, వేరే జాతులు, వెచ్చని సముద్రాల్లోనూ ఉన్నాయి. మన బంగాళాఖాతపు నీటిలోనూ అవి తిరుగుతాయి.

రెండు బతుకులు పక్కపక్కన

ఒకటి కదలక బతుకుతుంది. మరొకటి కదలడం ఆపితే మునుగుతుంది. ఒకటి ఒక్క పిల్లను ఏడాది పాటు మోస్తుంది. మరొకటి వందల గుడ్లను విడిచిపెట్టి, మళ్లీ వాటి ముఖం చూడదు. ఒకటి పదేళ్లకు పైగా జీవించగలదు. మరొకటి రెండు చలికాలాలు చూస్తే గొప్ప. ఒకటి చెట్టును ఇల్లుగా చేసుకుంది. మరొకటి తన ఇంటిని తానే మోసుకు తిరుగుతుంది.

ఇన్ని భేదాల నడుమ ఒక పోలిక ఉంది. రెండూ తమ బతుకును ఒకే ఒక్క ఆధారం మీద నిలుపుకున్నాయి. కోవాలాకు ఆ ఆధారం ఆకులోని కొద్దిపాటి సారం. నత్తకు ఆ ఆధారం నీటిలో కరిగి ఉన్న కార్బొనేటు, అంటే గుల్ల కట్టుకునే సున్నపు ముడిసరుకు. సృష్టికర్త ఒకదానికి ఆకును, ఒకదానికి సముద్రపు నీటిని ఇచ్చి, వాటి నుండి జీవనం చేసుకునే నేర్పును కూడా ఇచ్చాడు. ఆ ఆకు, ఆ నీరు మారిపోతే మరొక దారి వెతుక్కునే వెసులుబాటు మాత్రం వాటికి లేదు. ఇప్పుడు రెండూ మారుతున్నాయి.

ఒకే వాయువు, రెండు గాయాలు

బొగ్గును, పెట్రోలును మండించినప్పుడు బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, వెలువడుతుంది. కర్మాగారాల యుగం మొదలుకాక పూర్వం గాలిలోని ప్రతి పది లక్షల అణువుల్లో ఇది సుమారు 280 ఉండేది. నేడు 420 దాటింది.

చెట్టుకు ఈ వాయువు ఆహారమే కదా, పెరిగితే మంచిదే కదా అని అనిపించవచ్చు. చెట్టు పెరగవచ్చు. కానీ ఈ వాయువు ఎక్కువగా ఉన్న గాలిలో యూకలిప్టస్ మొక్కలను పెంచి చూసిన ప్రయోగాల్లో, ఆకులోని నత్రజని, అంటే మాంసకృత్తులకు మూలమైనది, తగ్గింది. చేదు పదార్థాలు పెరిగాయి. అసలే అంతంతమాత్రపు విస్తరిలో అన్నం తగ్గి, విషం పెరగడమన్నమాట. దానికి తోడు ఈ వాయువు వల్ల భూతాపం పెరిగి, కరవులు, వడగాడ్పులు తీవ్రమవుతున్నాయి. కోవాలాకు కావలసిన నీటిలో అధిక భాగం ఆకు నుండే వస్తుంది. ఆకు ఎండితే దాని గొంతు ఎండుతుంది.

ఎండలు మండే రోజుల్లో కోవాలాలు చెట్టు మానును కావలించుకుని ఉండడాన్ని పరిశోధకులు గమనించారు. 2014లో వారు కారణం కనుగొన్నారు. కొన్ని చెట్ల మాను చుట్టూ ఉన్న గాలికంటే 5 డిగ్రీలకు పైగా చల్లగా ఉంటుంది. కోవాలా తన పొట్టను దానికి ఆనించి ఒంటి వేడిని దించుకుంటుంది. అన్నిటికంటే చల్లగా ఉన్నది నల్లతుమ్మను పోలిన ఒక అకేషియా చెట్టు. దాని ఆకును కోవాలా తినదు. అయినా ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆదుకునేది ఆ చెట్టే. తినే చెట్లను మాత్రమే ఉంచి మిగిలినవి నరికితే ఏమవుతుందో దీనిని బట్టి ఊహించవచ్చు.

ఇక సముద్రం సంగతి. మనం ఏటా గాలిలోకి వదిలే ఈ వాయువులో సుమారు నాలుగవ వంతును సముద్రాలు పీల్చుకుంటున్నాయి. ఆ మేరకు అవి మనకు ఉపకారమే చేస్తున్నాయి. కానీ ఆ వాయువు నీటిలో కరిగితే ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం గుల్ల కట్టడానికి అవసరమైన కార్బొనేటును హరిస్తుంది. కర్మాగారాల యుగం మొదలైనప్పటి నుండి సముద్రపు పైనీటి ఆమ్లత్వం సుమారు 30 శాతం పెరిగింది. చల్లని నీరు వాయువును ఎక్కువగా పట్టి ఉంచుతుంది. చల్లని సోడాలో గ్యాస్ నిలిచి, వెచ్చబడితే పోవడం మనకు తెలిసిందే. అందువల్ల ధ్రువ సముద్రాలకు ఈ దెబ్బ ముందుగా తగులుతోంది.

ఇది రాబోయే రోజుల మాట కాదు. దక్షిణ ధ్రువ సముద్రంలో 2008లో సేకరించిన నత్తలు బ్రతికి ఉండగానే, వాటి గుల్లలు తీవ్రంగా కరిగి ఉన్నట్లు 2012లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. 2011లో అమెరికా పశ్చిమ తీరం వెంబడి సేకరించిన లిమసినా నత్తలను పరీక్షించగా, తీరానికి దగ్గరగా ఉన్నవాటిలో సగానికి పైగా గుల్లలు తీవ్రంగా దెబ్బతిని కనిపించాయి.

అయితే నత్త చేతులు ముడుచుకుని కూర్చోలేదు. గుల్ల పైపొర చెదిరిన చోట లోపలి నుండి కొత్త పొర వేసి మరమ్మతు చేసుకుంటున్నట్లు తరువాతి పరిశోధనలు చూపాయి. ఇది ఆశ కలిగించే సంగతే. కానీ వానకు కారే ఇంటి కప్పును ప్రతి ఏడూ బాగుచేయించుకునే కుటుంబానికి ఒక నిజం తెలుసు. ఆ డబ్బు మరెక్కడి నుండో రాదు. తిండి నుండి, పిల్లల చదువు నుండి తీయవలసిందే. నత్త కూడా తన ఎదుగుదలకు, సంతానానికి దాచుకున్న శక్తినే ఆ మరమ్మతుకు ఖర్చు చేయాలి.

వంటగదిలో ఒక పరీక్ష

పిల్లలకు ఈ సంగతి అర్థమయ్యేలా చెప్పాలంటే ఖరీదైన సామగ్రి అక్కరలేదు. కోడిగుడ్డు పెంకు ముక్కను గాజు గ్లాసులో వేసి, మునిగేంత వెనిగర్ గానీ నిమ్మరసం గానీ పోయండి. కాసేపట్లో పెంకు చుట్టూ చిన్న చిన్న బుడగలు లేస్తాయి. మరునాటికి పెంకు పల్చబడి, మెత్తబడుతుంది. గుడ్డు పెంకు, నత్త గుల్ల, మన పెద్దలు గోడలకు వేయించిన గుల్ల సున్నం, సుద్ద రాయి, ఇవన్నీ మూలంలో ఒకే కుటుంబానికి చెందిన పదార్థాలు. ఆమ్లం తగిలితే వీటన్నిటికీ అదే గతి.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. సముద్రం నిమ్మరసం కాలేదు, కాబోదు కూడా. నేటికీ దాని నీరు కొంత క్షారగుణం కలదే. మార్పు స్వల్పం, నెమ్మది. కానీ గ్లాసులోని పెంకుకు అది ఒక రాత్రి పరీక్ష. సముద్రంలోని నత్తకు అది పుట్టుక నుండి చావు వరకు ఉండే ఊరు. ఊరి నీరు మారితే వలసపోయే చోటు దానికి లేదు.

కన్నీరు ఎవరి కోసం?

2019 చివర నుండి 2020 మొదటి నెలల వరకు ఆస్ట్రేలియా అడవులు తగలబడినప్పుడు వేలాది కోవాలాలు మాడిపోయాయి. కాలిన పాదాలతో నీళ్లు తాగుతున్న కోవాలా చిత్రాలు లోకమంతా చూసింది. దేశదేశాల నుండి విరాళాలు వచ్చాయి. తల్లిని కోల్పోయిన సంచి జంతువుల పిల్లల కోసం గుడ్డ సంచులు కుట్టి పంపినవారు ఎందరో. అది మనిషిలోని మంచికి గుర్తు, దానిని తక్కువ చేయరాదు. 2022 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ప్రభుత్వం క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల్లో, రాజధాని ప్రాంతంలో కోవాలాను అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుగా ప్రకటించింది.

కానీ ఇదే ముఖం, ఇవే బొచ్చు చెవులు 1927లో కూడా ఉన్నాయి. ఆ ఏడాది ఆగస్టులో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఒక నెల పాటు వేటకు అనుమతి ఇవ్వగా, చర్మం కోసం సుమారు 6 లక్షల కోవాలాలను చంపారు. ఆ మెత్తని బొచ్చు విదేశాల్లో కోట్లకు, టోపీలకు పనికి వచ్చింది. దానికి వెల కట్టబడిన రోజున ఆ ముద్దులొలికే ముఖం దానిని రక్షించలేదు. ప్రజల్లో వచ్చిన ఆగ్రహం వల్లనే ఆ వేట మళ్లీ జరగలేదు. అంటే ముఖాన్ని చూసి కలిగే జాలి నమ్మదగిన కాపలాదారు కాదు. అది ఒకనాడు ఉంటుంది, మరునాడు ఉండదు.

నత్తకు ఆ జాలి కూడా దక్కదు. దాని గుల్లకు తొడుగు కుట్టి పంపలేము. దానిని ఒడిలోకి తీసుకుని పాలు పట్టలేము. దాని కోసం చేయగల ఉపకారం ఒక్కటే. గాలిలోకి వదిలే పొగను తగ్గించడం. విచిత్రం ఏమిటంటే, విరాళాలు ఆరిపోయిన తరువాత కోవాలాకు కావలసింది కూడా అదే, దానితోపాటు నరకకుండా మిగిల్చిన అడవి. ఎవరూ చూడని నత్తకు న్యాయం చేస్తే, అందరూ చూసే కోవాలాకూ న్యాయం జరుగుతుంది. ముఖం చూసి మాత్రమే కరిగే దయ, కాలిన పాదానికి కట్టు కడుతుంది. ముఖం లేని ప్రాణిని కూడా తలచుకునే దయ నిప్పు పుట్టిన చోటికి వెళుతుంది.

ఇంటి నుండే మొదలు

ఈ మాట జంతువుల వరకే ఆగదు. మన ఇంటి గడపకు వచ్చి చేయి చాపినవారికి మనం ఇస్తాం. చేయి చాపని బంధువు, కష్టం చెప్పుకోని పొరుగు, కళ్ల ముందు కనిపించని విధవరాలు మన లెక్కలోకి రారు. పసివాడు ముద్దుగా ఉన్నంతకాలం ఎత్తుకునే చేతులు, మంచం పట్టిన దాదీ దగ్గరికి వెళ్లడానికి వెనుకాడతాయి. కంటికి ఇంపుగా ఉన్నదాని మీద దయ చూపడానికి శిక్షణ అక్కరలేదు. కంటికి కనిపించనిదాని మీద దయ చూపడానికే ఇంట్లో పెంపకం కావాలి.

పొగను తగ్గించే పెద్ద నిర్ణయాలు ప్రభుత్వాల చేతుల్లో, కర్మాగారాల చేతుల్లో ఉన్నాయి. ఎక్కువ పొగ వదిలిన దేశాల బాధ్యతే ఎక్కువ. అంతమాత్రాన ఇంటికి పని లేదని కాదు. ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాను, విందులో విస్తళ్లలో మిగిలిపోయి చెత్తకుప్పకు చేరే బిర్యానీ, నడిచి వెళ్లగల దూరానికి బండి తీయడం, ఇవన్నీ ఎక్కడో ఒకచోట మండిన బొగ్గు, పెట్రోలే. స్థలం ఉన్నవారు ఒకే జాతి చెట్లు కాక వేప, కానుగ, చింత, రావి వంటివి కలిపి నాటితే, ఏ ఎండాకాలంలో ఏ మాను ఏ ప్రాణిని చల్లబరుస్తుందో ఎవరు చెప్పగలరు?

ఈ భూమి మనకు అప్పగించబడిన అమానతు. అప్పగించినవాడు లెక్క అడిగేటప్పుడు అందమైనవాటి లెక్క ఒక్కటే అడగడు.

ఈ నెల ఒక సాయంత్రం పిల్లలతో కలిసి ఆ గుడ్డు పెంకు పరీక్ష చేసి చూడండి. బుడగలు లేస్తున్నప్పుడు వారికి కోవాలా కథ చెప్పండి, దానితోపాటు నత్త కథ కూడా చెప్పండి. ఏ కథ విని ఎక్కువ బాధపడ్డారో అడగండి. చాలామంది పిల్లలు కోవాలా అనే అంటారు, అది సహజమే. అప్పుడు మరొక ప్రశ్న వేయండి: “నత్త కూడా బతకాలంటే మనం ఏం చేయాలి?” ఆ ప్రశ్నకు వారు వెతికే జవాబులోనే కోవాలాకు కావలసిన సాయం కూడా దొరుకుతుంది.